యాభై పళ్లేల సైన్సు మాస్టారు

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో డిస్క్ షెడ్యూలింగ్ లెక్క చేయకుండా గట్టెక్కిన వాళ్లు మనలో ఎవరూ ఉండరు. హెడ్ 53వ సిలిండర్ దగ్గర ఉంది, క్యూలో ఎనిమిది రిక్వెస్టులున్నాయి, మొత్తం ఎంత దూరం కదులుతుందో కనుక్కోండి అంటాడు. గీతలు గీస్తాం, కూడికలు చేస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. కానీ ఆ హెడ్డుని మొట్టమొదట పరిగెత్తించిన జట్టుకి పెద్ద ఎవరో మాత్రం సిలబస్‌లో ఉండదు. ఆయన కాలేజీలో చదివింది ఇంజనీరింగ్ కాదు. ఒక చిన్న ఊళ్లో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పిన మాస్టారు. పేరు రేనాల్డ్ జాన్సన్. అందరూ రే అని పిలిచేవాళ్లు.

ఆయన్ని ఇప్పుడు తలుచుకోవడానికి కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లల్లో ఇప్పుడు ఒకటే గొడవ. అమ్మ ఫోన్ నిండిపోయింది, నాన్న ఫోన్ నిండిపోయింది, గూగుల్ ఫోటోస్ 2021 జూన్ నుంచి ఉచితంగా లెక్కలేకుండా దాచడం ఆపేసింది. అక్క పెళ్లి వీడియో ఒక పాత ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది, అది ఆన్ చేస్తే టిక్ టిక్‌మంటోంది. ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నువ్వే కాబట్టి ఏదో ఒకటి చెయ్యి అంటారు. అప్పుడు మనం వెతికేది నాస్ అనే పెట్టె. రౌటర్‌కి వైరుతో తగిలించి మూల పెట్టే చిన్న కంప్యూటర్ అది. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులు పడతాయి. ఇంట్లో అందరి ఫోన్లూ లాప్‌టాప్‌లూ వైఫై మీద దాంట్లోనే దాచుకుంటాయి. ఏ పెట్టె కొనాలి, ఎన్ని అరలది కొనాలి, అందులో ఏ డిస్కులు వెయ్యాలి అన్న దగ్గర అందరం ఆగిపోతాం. సరిగ్గా ఇలాంటి ప్రశ్నే 1952లో జాన్సన్ ముందుకీ వచ్చింది. సమాచారాన్ని దేని మీద దాచాలి? ఆయన దాన్ని ఎలా తేల్చుకున్నాడో చూస్తే మన ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

పెన్సిలు గీత

జాన్సన్ 1906 జూలై 16న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు స్వీడన్ నుంచి వలస వచ్చినవాళ్లు. కుర్రతనంలో అల్లరి బాగానే చేశాడు. అక్కల కోసం కార్లలో వచ్చే అబ్బాయిలంటే ఆయనకి సరదా. వాళ్లు లోపల కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, బయట కారు స్పార్క్ ప్లగ్గుల మీద పెన్సిలుతో గీతలు గీసి వచ్చేవాడు. పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైట్, అది కరెంటుని మోస్తుంది. నిప్పురవ్వ రావాల్సిన చోట రాకుండా కరెంటు ఆ గీత వెంట పక్కకి జారిపోయేది. పాపం ఆ అబ్బాయిల కారు ఎంత తిప్పినా స్టార్ట్ అయ్యేది కాదు.

1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి విద్యా నిర్వహణలో డిగ్రీ తీసుకున్నాడు. మిషిగన్ రాష్ట్రంలో ఐరన్‌వుడ్ అనే ఊళ్లో హైస్కూలు సైన్సు టీచరుగా చేరాడు. అవి మహా మాంద్యం రోజులు. టీచరు పని ఎలా ఉంటుందో ఇంట్లో అమ్మో నాన్నో టీచరైతే మీకు తెలిసే ఉంటుంది. పాఠం చెప్పడం కంటే పేపర్లు దిద్దడమే ఎక్కువ. జాన్సన్‌కి ఆ దిద్దుబాటు దగ్గర తన పాత అల్లరి గుర్తొచ్చింది. పెన్సిలు గీత కరెంటుని మోస్తే, పిల్లాడు ఏ గడిలో గీత పెట్టాడో మిషనే పసిగట్టగలదు కదా.

ఆలోచన తేలికే, చిక్కు వేరే చోట వచ్చింది. ఒక పిల్లాడు గట్టిగా రుద్దుతాడు, ఇంకోడు పైపైన గీస్తాడు. ఒక్కో గీతకి ఒక్కో రెసిస్టెన్స్. మార్కుల్ని కరెంటుతో కొలిస్తే, గట్టిగా రుద్దినవాడికి ఎక్కువ మార్కులు పడిపోతాయి. జాన్సన్ దీనికి పెట్టిన కిటుకు మనం మొదటి ఏడాది బేసిక్ ఎలక్ట్రికల్‌లో చదివేదే. ప్రతి గీతకీ సిరీస్‌లో చాలా పెద్ద రెసిస్టర్ తగిలించాడు. అంత పెద్దదాని పక్కన గీతలో ఉండే తేడా లెక్కలోకి రాదు. గట్టి గీతైనా పలచ గీతైనా కరెంటు దాదాపు ఒకటే. మీటరు ముల్లు ఎక్కడ ఆగితే అన్ని మార్కులు.

ఈ పని చూసి ఐబీఎం కంపెనీ 1934లో ఆయన్ని ఇంజనీరుగా తీసుకుంది. న్యూయార్క్ రాష్ట్రం ఎండికాట్‌లోని లాబ్‌లో కూర్చోబెట్టింది. ఆ మిషను ఐబీఎం 805 అనే పేరుతో 1938 నుంచి మార్కెట్లోకి వచ్చింది. తర్వాతి తరం మిషన్లు కరెంటు బదులు వెలుతురుతో గీతల్ని చదివాయి. మనం ఇంటర్ రెండేళ్లూ కోచింగుల్లో గుండ్రాలు నింపి నింపి వేళ్లు నొప్పెట్టించుకున్న ఓఎంఆర్ షీటు ఆ వంశంలోదే. కాబట్టి జాన్సన్‌తో మనకి పరిచయం కొత్తేమీ కాదు.

ఆయన పని తీరులో అప్పుడే ఒక లక్షణం కనిపిస్తుంది. వాడేవాడు పద్ధతిగా వాడతాడని ఆయన నమ్మలేదు. పిల్లాడు ఎలా గీసినా మిషన్ పనిచేసేలా చూసుకున్నాడు. ఇంట్లో పెట్టె ఎంచుకునేటప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోవాలి. అమ్మ ప్రతి ఆదివారం కేబుల్ పెట్టి ఫోటోలు కాపీ చేస్తుందని మనం ప్లాన్ వేస్తే అది జరగదు. ఫోన్ ఇంటి వైఫైలోకి రాగానే ఫోటోలు వాటంతటవే పెట్టెలోకి వెళ్లే యాప్ ఉందా, అది ఇంట్లోవాళ్లకి సులువుగా ఉందా అన్నది ముందు చూడాలి. ప్రాసెసర్ పేరు తర్వాత చూడొచ్చు.

నోటర్ డామ్ అవెన్యూ, 99

1952లో ఐబీఎం జాన్సన్‌కి ఒక వింత పని అప్పగించింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కొత్త లాబ్ పెట్టు, మనుషుల్ని నువ్వే తీసుకో, ఏం కనిపెట్టాలో కూడా నువ్వే తేల్చుకో అంది. ఈ రోజు మన సీనియర్లు, బంధువులు వేల మంది ఉంటున్న ఆ ప్రాంతంలో అప్పుడు ఎటు చూసినా పండ్ల తోటలే. నోటర్ డామ్ అవెన్యూలో 99వ నంబరు భవనం అద్దెకి తీసుకుని, కొద్ది కాలంలోనే యాభై మంది వరకూ చేర్చుకున్నాడు.

లాబ్‌లో ప్రతి ఒక్కరూ మిగతావాళ్లు ఏం చేస్తున్నారో తెలుసుకుని ఉండాలని జాన్సన్ పెట్టిన పద్ధతి. పక్కవాడు సాయం అడిగితే సొంత పని ఆపి ముందు అది చూడాలి. మన ప్రాజెక్ట్ బ్యాచుల్లో ఇది ఎంత జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

అప్పట్లో కంపెనీల లెక్కలన్నీ పంచ్ కార్డుల మీద ఉండేవి. ఒక సరుకు స్టాకు ఎంతుందో తెలియాలంటే తొట్టెల్లో పేర్చిన వేల కార్డుల్లోంచి ఒక మనిషి చేత్తో వెతికి ఆ కార్డు తీయాలి. లేదంటే రోజంతా వచ్చిన మార్పుల్ని పోగేసి, కార్డులన్నీ వరసలో పేర్చి, ఒకేసారి మిషన్లో నడపాలి. అమెరికా వైమానిక దళానికి కూడా ఇదే ఇబ్బంది ఉంది. గోదాముల్లో ఏ విడిభాగం ఎక్కడుందో అడగ్గానే తెలియాలన్నది వాళ్ల కోరిక.

జాన్సన్ వెంటనే మిషన్ గీయడం మొదలుపెట్టలేదు. ముందు ఆర్థర్ క్రిచ్లో అనే ఇంజనీరుని కార్డులు వాడే సంస్థలకి పంపించాడు. వాళ్లు సమాచారం ఎలా పేర్చుకుంటున్నారు, ఎలా వెతుకుతున్నారు, ఎన్నిసార్లు మారుస్తున్నారు అన్నది చూసి రమ్మన్నాడు. దాచే పరికరం గురించి ఆలోచించింది ఆ తర్వాతే. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. ముందు సేల్‌లో ఏ పెట్టె చవగ్గా ఉందో చూస్తాం, ఆనక దాన్లో ఏం పెట్టాలా అని ఆలోచిస్తాం.

డ్రమ్మా, టేపా, పళ్లేమా

లాబ్ గోడ మీద పోటీదారులు చాలామంది ఉన్నారు. టేపులు, తీగలు, కడ్డీలు, డ్రమ్ములు, పలకలు, పళ్లేలు. అయస్కాంత పూత పూయగలిగిన ఆకారం ఏదైనా సరే పరీక్షకి వచ్చింది.

టేపు చవక, చాలా పడుతుంది. కానీ చివర ఉన్న సంగతి కావాలంటే మొత్తం తిప్పాలి. డ్రమ్ము వేగంగా పనిచేస్తుంది. కానీ దాని పైతలం ఒక్కటే పనికొస్తుంది, లోపలంతా డొల్ల. అంత ఖాళీని మోస్తూ తిప్పడం దండగ. పళ్లేల సంగతి వేరు. పెళ్లిళ్లలో కంచాల దొంతర చూశారు కదా, కొంచెం చోటులో ఎన్ని పడతాయో. ప్రతి పళ్లానికీ పైనా కిందా రెండు ముఖాలు. మధ్యలో చేయి దూరేంత సందు వదిలితే చాలు, ఏ పళ్లెం మీద ఏ వలయానికైనా నేరుగా వెళ్లొచ్చు. జాన్సన్ పళ్లేల వైపు మొగ్గాడు.

లాబ్‌లో చాలామందికి ఇది నచ్చలేదు. వాళ్ల అభ్యంతరాలు గట్టివే. రెండు అడుగుల వెడల్పున్న పళ్లెం తిరుగుతుంటే ఊగుతుంది. చదివే హెడ్డు దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా చదువుతుంది, కానీ తగిలిందంటే పూత గీరుకుపోతుంది. పళ్లెం ఊగుతున్నా హెడ్డు తగలకుండా, దూరం కాకుండా ఎలా ఉండాలి?

బిల్ గొడార్డ్ దీనికి గాలిని వాడాడు. హెడ్డులోని సన్నటి రంధ్రాల గుండా కంప్రెసర్ గాలి ఊదితే, హెడ్డుకీ పళ్లానికీ మధ్య ఒక గాలి పొర ఏర్పడుతుంది. పళ్లెం ఎటు ఊగితే హెడ్డు అటు జరుగుతుంది. ఆ సందు దాదాపు 20 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు.

తర్వాత పూత సమస్య. ఐరన్ ఆక్సైడ్ రంగు పళ్లెమంతా ఒకే మందంలో పరుచుకోవాలి. జేక్ హగోపియన్ అనే ఇంజనీరు రంగుని ఆడవాళ్ల పట్టు మేజోళ్ల గుండా వడగట్టి, కాగితం కప్పుతో కొలిచి, తిరుగుతున్న పళ్లెం మధ్యలో పోశాడు. తిరిగే వేగానికి అది అంచుదాకా సమానంగా పాకింది. అట్ల పెనం మీద పిండి గరిటె తిప్పుతాం, ఇక్కడ గరిటె కదలకుండా పెనమే తిరిగింది.

1954 వచ్చేసరికి కార్డు మీది సమాచారం పళ్లెం మీదికి ఎక్కి, మళ్లీ పళ్లెం మీంచి కార్డు మీదికి దిగింది. అయినా గండం గడవలేదు. ఐబీఎంకి అన్నం పెట్టేది పంచ్ కార్డులు. పళ్లేలు గెలిస్తే కార్డులు అమ్ముడుపోవు. పై నుంచి పని ఆపేయమన్న మాట కూడా వచ్చిందనీ, లాబ్ మాత్రం తన పని తాను చేసుకుపోయిందనీ చెబుతారు.

1956 సెప్టెంబరులో ఐబీఎం 305 రామాక్ పేరుతో ఆ కంప్యూటర్ని లోకానికి చూపించారు. దానిలో నిల్వ యూనిట్ పేరు ఐబీఎం 350. 24 అంగుళాల పళ్లేలు 50. నిమిషానికి 1200 చుట్లు. బరువు టన్ను పైమాటే. హెడ్లు రెండంటే రెండే. చేయి బయటికి వచ్చి, పైకో కిందికో వెళ్లి, కావాల్సిన పళ్లేల సందులోకి దూరేది. ఒక సంగతి అందుకోవడానికి సగటున 0.6 సెకను పట్టేది. మొత్తం కంప్యూటర్ అద్దె నెలకి 3200 డాలర్లు.

ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఒక్కో అక్షరానికి 6 బిట్లు కాబట్టి, మన లెక్కలో 3.75 మెగాబైట్లు. మీ ఫోన్‌తో నిన్న తీసిన టిఫిన్ ఫోటో అందులో పట్టకపోవచ్చు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఈ రోజు ఇంటి కోసం కొనే 4 టెరాబైట్ల డిస్కు దాదాపు 10 లక్షల 60 వేల రామాక్‌లతో సమానం. అందుకునే సమయం చూస్తే, 600 మిల్లీసెకన్ల నుంచి 12 మిల్లీసెకన్ల చుట్టుపక్కలకి వచ్చింది. అంటే పట్టే సామర్థ్యం పది లక్షల రెట్లు పెరిగింది, అందుకునే వేగం యాభై రెట్లే పెరిగింది. పళ్లెం తిరగాల్సిందే, చేయి కదలాల్సిందే. అందుకే డిస్క్ షెడ్యూలింగ్ పాఠం ఇంకా మనల్ని వదల్లేదు. అందుకే ఫోటోలు, సినిమాలు లాంటి పెద్ద ఫైళ్లకి హార్డ్ డిస్కు బాగుంటుంది, చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ అటూ ఇటూ తిప్పే పనికి ఎస్.ఎస్.డి. కావాల్సి వస్తుంది.

క్రుశ్చేవ్ చూసిన యంత్రం

తొలి రామాక్‌లలో ఒకటి శాన్ ఫ్రాన్సిస్కోలోని జెల్లర్‌బాక్ పేపర్ కంపెనీకి వెళ్లింది. 1958 బ్రస్సెల్స్ ప్రదర్శనలో రామాక్ జనం అడిగిన చరిత్ర ప్రశ్నలకి పది భాషల్లో జవాబులిచ్చింది. 1959లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ అమెరికా వచ్చినప్పుడు శాన్ హోసే ప్లాంటుకి తీసుకెళ్లి దీన్ని చూపించారు. ఆయనకి మాత్రం అక్కడి క్యాంటీన్ ఎక్కువ నచ్చిందట. 1960 స్క్వా వ్యాలీ శీతాకాల ఒలింపిక్స్ ఫలితాలు లెక్కవేసింది కూడా రామాకే. 1961లో తయారీ ఆపేసేసరికి వెయ్యికి పైగా వ్యవస్థలు తయారయ్యాయి.

ఆ లాబ్‌లో పని నేర్చుకున్న కుర్రాళ్లలో అలన్ షుగార్ట్ ఒకడు. 1979లో సీగేట్ పెట్టినవాళ్లలో అతను ముఖ్యుడు. ఈ రోజు నాస్ డిస్కు కోసం వెతికితే ముందు కనిపించే ఐరన్‌వుల్ఫ్ ఆ కంపెనీదే.

డిస్కు మీద పేరొకటే చూడొద్దు

ఇక మన పెట్టెలోకి డిస్కులు ఎంచుకుందాం. డెస్క్‌టాప్ డిస్కు, నాస్ డిస్కు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా లోపల ఉంది.

మొదటిది, చెడ్డ సెక్టర్ తగిలినప్పుడు ప్రవర్తన. డెస్క్‌టాప్ డిస్కు ఒంటరిది, ఇంకో కాపీ ఉండదు. అందుకే చదవలేని చోట మళ్లీ మళ్లీ చాలాసేపు ప్రయత్నిస్తుంది. నాస్‌లో పక్క డిస్కులో కాపీ ఉంటుంది కాబట్టి అంత మొండితనం అక్కర్లేదు. పైగా డిస్కు చాలాసేపు పలక్కపోతే అది చచ్చిపోయిందనుకుని పెట్టె దాన్ని జట్టులోంచి తీసేస్తుంది. నాస్ డిస్కులు దాదాపు 7 సెకన్లలో చేతులెత్తేసి, పక్కవాణ్ణి అడుగు అని చెప్పేలా తయారవుతాయి. జాన్సన్ లాబ్ పద్ధతే.

రెండోది పూత మీద వలయాలు రాసే తీరు. సి.ఎం.ఆర్. డిస్కులో వలయాలు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. ఎస్.ఎం.ఆర్. డిస్కులో పెంకుటింటి కప్పులాగ ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటుంది. ఎక్కువ పడుతుంది, చవకవుతుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కిన పెంకులన్నీ తీసి మళ్లీ పేర్చాలి. ఒక డిస్కు చెడిపోయి కొత్తది వేసినప్పుడు అంతా తిరగరాయాలి కదా, అప్పుడు ఎస్.ఎం.ఆర్. డిస్కు విపరీతంగా ఆలస్యం చేస్తుంది. 2020లో ఇది పెద్ద వివాదమైంది. నాస్ కోసమని అమ్మిన డబ్ల్యూ.డి. రెడ్ వరసలో 2 నుంచి 6 టెరాబైట్ల మోడళ్లు కొన్ని ఎస్.ఎం.ఆర్. అని, ఆ మాట చెప్పకుండానే అమ్మారని బయటపడింది. తర్వాత ఆ కంపెనీ సి.ఎం.ఆర్. డిస్కులకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. కాబట్టి పేరొకటే చూసి కొనొద్దు. మోడల్ నంబరు తీసుకుని, తయారీదారు ఇచ్చిన వివరాల్లో సి.ఎం.ఆర్. అని ఉందో లేదో చూడండి.

మూడోది వేగం. మామూలు గిగాబిట్ వైరు మీద సెకనుకి 110 మెగాబైట్ల దాకా వెళ్తాయి. ఇప్పటి డిస్కు ఒక్కటే అంతకంటే ఎక్కువ ఇస్తుంది. అలాంటప్పుడు 7200 చుట్ల డిస్కుకి ఎక్కువ డబ్బు పెట్టి లాభం లేదు. 5400 చుట్లది తక్కువ వేడెక్కుతుంది, తక్కువ చప్పుడు చేస్తుంది. మే నెలలో మన ఇళ్ల వేడి గుర్తుంటే ఇది చిన్న విషయం కాదు.

కొనేముందు సీరియల్ నంబరుతో మన దేశంలో వారంటీ చెల్లుతుందా అన్నది తయారీదారు సైట్లో చూసుకోవాలి. రెండు డిస్కులు కొంటే వేర్వేరు దుకాణాల్లో కొనడం మంచిది. ఒకే బ్యాచ్‌లో తయారైనవి ఒకే లోపంతో ఒకేసారి పోయే ప్రమాదం కొంత తగ్గుతుంది.

ఎన్ని అరలు

1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు రెయిడ్ గురించి పేపరు రాశారు. ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడదాం, ఒకటి పోయినా నష్టం లేకుండా చూద్దాం అన్నది దాని సారం. ఇంటి నాస్ అంతా దీని మీదే నిలబడి ఉంది.

రెండు అరల పెట్టెలో రెండు 4 టెరాబైట్ల డిస్కులు వేసి రెయిడ్ 1 పెడితే, వాడుకోవడానికి 4 దొరుకుతుంది, రెండోది అద్దంలో ప్రతిబింబం. నాలుగు అరల్లో రెయిడ్ 5 పెడితే 12 దొరుకుతుంది, ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది. అయితే పోయినదాని స్థానంలో కొత్తది వేశాక లెక్కంతా మళ్లీ కట్టాలి. 8 టెరాబైట్ల డిస్కు సెకనుకి 150 మెగాబైట్లు రాసినా 15 గంటలు పడుతుంది. ఆ 15 గంటల్లో ఇంకోటి పోతే అంతే సంగతులు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి రెండు అరలు, రెయిడ్ 1 చాలు. వీడియోలు తీసేవాళ్లుంటే నాలుగు అరలు తీసుకుని, ముందు రెండే నింపి, తర్వాత పెంచుకోవచ్చు. పక్కన చిన్న యూపీఎస్ తప్పనిసరి. రాస్తుండగా కరెంటు పోవడం మన దగ్గర అరుదేం కాదు.

ఇక్కడ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రెయిడ్ బ్యాకప్ కాదు. తమ్ముడు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రాన్సమ్‌వేర్ వస్తే రెండూ కలిసి తాళం పడతాయి. ఇంట్లోకి వరద నీళ్లొస్తే పెట్టె మొత్తం మునుగుతుంది. అందుకే మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట అంటారు. నాస్ ఒకటి, నెలకోసారి కాపీ చేసి బీరువాలో పెట్టే ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి, బాబాయి ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఇంకోటి.

సాహిత్య క్లబ్బువాళ్లం కాబట్టి మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆ పనిలో ఒక ముఖ్య కేంద్రం. కొన్నేళ్ల తర్వాత ఆ సైటు మూతపడింది. మనం ఈ రోజు ఆ పుస్తకాలు చాలావరకు చదవగలుగుతున్నామంటే, వాటి కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఉండబట్టే. ఎక్కడో ఇంకెవరో ఇంకో కాపీ ఉంచుకున్నారు, అంతే తేడా.

మాస్టారు మళ్లీ బడికి

జాన్సన్ 1971లో ఐబీఎం నుంచి రిటైరయ్యాడు. అప్పటికి ఆయన పేరు మీద 90కి పైగా పేటెంట్లున్నాయి. విచిత్రమేమిటంటే డిస్క్ డ్రైవ్ అసలు పేటెంటు మీద ఉన్న పేర్లు గొడార్డ్, జాన్ లినాట్‌లవి. 1954లో దరఖాస్తు చేస్తే 1970లో వచ్చింది. లోకం జాన్సన్‌ని డిస్క్ డ్రైవ్ పితామహుడు అంటుంది, కాగితం మీద మాత్రం ఆయన జట్టులోవాళ్ల పేర్లున్నాయి. గైడ్ పేరు ముందు, మన పేరు వెనక చూసే రోజుల్లో ఇది చదువుతుంటే కొంచెం కొత్తగానే ఉంటుంది.

రిటైరయ్యాక ఆయన పాలో ఆల్టోలో ఎడ్యుకేషన్ ఇంజనీరింగ్ అసోసియేట్స్ అని సొంత సంస్థ పెట్టాడు. ఫిషర్ ప్రైస్ బొమ్మల కంపెనీ మాట్లాడే పుస్తకాల్లో వాడిన బుల్లి ఫోనోగ్రాఫ్ ఆయన చేసిందే. చదవడం నేర్చుకునే పిల్లలు పేజీ మీద పరికరం పెడితే అది పలికేది. వైమానిక దళానికి గోదాముల లెక్క తేల్చిన మనిషి చివరికి ఒకటో తరగతి పిల్లల దగ్గరికే తిరిగొచ్చాడు.

1986లో అప్పటి అధ్యక్షుడు రీగన్ చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అందుకున్నాడు. ఐట్రిపులీ సంస్థ సమాచార నిల్వ రంగంలో ఒక అవార్డుకి ఆయన పేరు పెట్టింది. 1998 సెప్టెంబరు 15న, 92 ఏళ్ల వయసులో, పాలో ఆల్టోలో చనిపోయాడు. అప్పటికి పళ్లేల వెడల్పు 24 అంగుళాల నుంచి మూడున్నరకి తగ్గి, డిస్కులు మామూలు ఇళ్లల్లోకి వచ్చేశాయి. ఆయన లాబ్ ఉన్న భవనం శాన్ హోసేలో ఇంకా నిలబడే ఉంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పెట్టె కొనే ముందు క్రిచ్లో చేసిన పని చేయండి. ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఏమేం ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో, పోతే మళ్లీ దొరకనివి ఏవో రాయండి. సినిమాలు మళ్లీ దొరుకుతాయి. తాతయ్య గొంతున్న వీడియో మళ్లీ దొరకదు. ఆ రెండో జాబితా ఎన్ని గిగాబైట్లో కూడితే, చాలా ఇళ్లల్లో అది మనం భయపడినంత ఉండదు. దానికి సరిపడా రెండు సి.ఎం.ఆర్. డిస్కులు, రెండు అరల పెట్టె, బయట ఒక కాపీ చాలు. ఆ టిక్ టిక్‌మంటున్న పాత డిస్కుని మాత్రం సెలవుల దాకా ఆపొద్దు, ఈ వారమే ఇంటికి ఫోన్ చేసి అందులోది కాపీ తీయించండి.